అమెరికా సుంకాల గొడవలో బానిసల్ని వదిలేసి పాఠం చెప్పకండి: చరిత్ర మాస్టార్లకు బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర చెప్పే మాస్టార్లకు, గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ కోచింగ్ ఇచ్చే లెక్చరర్లకు, యూట్యూబ్‌లో అమెరికా చరిత్ర మీద వీడియోలు చేసే మిత్రులకు నమస్కారం.

2025లో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం దాకా తీసుకెళ్లినప్పటి నుంచి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుల దగ్గర్నుంచి హైదరాబాద్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల దాకా అందరి నోటా టారిఫ్ మాటే. దాంతో మీరూ అమెరికా సుంకాల పాత చరిత్ర తవ్వి చెప్పడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. కానీ నేను విన్న పాఠాల్లో ఎక్కువ భాగం ఒకటే వరసలో నడుస్తున్నాయి. ఉత్తరాదిలో ఫ్యాక్టరీలు, దక్షిణాదిలో వ్యవసాయం, ఉత్తరాది వాళ్లు తమ లాభం కోసం సుంకాలు పెంచారు, దక్షిణాది నలిగిపోయింది, ఆ కోపమే పెరిగి పెరిగి 1861లో అంతర్యుద్ధం అయ్యింది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి యుద్ధానికి అసలు కారణం బానిసత్వం కాదు, సుంకాలే అని తేల్చేస్తున్నారు. పిల్లలు అదే నోట్సులో రాసుకుంటున్నారు, అదే పరీక్షలో రాస్తారు, రేపు వాళ్లే ఇంకొకరికి చెప్తారు. అందుకే ఈ లేఖ.

ముందుగా ఒక మాట. సుంకాల మీద దక్షిణాది రాష్ట్రాల గోడు ఉత్తుత్తిది అని నేను అనడం లేదు. అందులో నిజం ఉంది, దాన్ని సరిగ్గా అర్థం చేయించాల్సింది కూడా మీరే. అప్పట్లో అమెరికాలో ఆదాయపు పన్ను లేదు. ఎగుమతుల మీద పన్ను వెయ్యడానికి వీల్లేదని రాజ్యాంగమే చెప్పింది. కాబట్టి ఫెడరల్, అంటే కేంద్ర, ఖజానాకు వచ్చే డబ్బులో సింహభాగం ఓడరేవుల్లో దిగుమతి సరుకు మీద వసూలయ్యేదే. సౌత్ కరొలైనాలో పత్తి పండించే ఆసామి తన పత్తిని లివర్‌పూల్ మార్కెట్లో ప్రపంచం మొత్తంతో పోటీపడి అమ్ముకోవాలి, అక్కడ ధర పడిపోతే ఆదుకునే చట్టం ఏదీ లేదు. అదే మనిషి బట్ట, ఇనుము, పనిముట్లు కొనబోతే మాత్రం సుంకం వల్ల పెరిగిన ధర కట్టాలి. పైగా ఇంగ్లండ్ సరుకు అమెరికాలో అమ్ముడుపోకపోతే ఇంగ్లండ్ మిల్లులు వీళ్ల పత్తి ఏం పెట్టి కొంటాయి అన్న భయం ఒకటి. ఈ లెక్కనే జార్జ్ మెక్‌డఫీ అనే కాంగ్రెస్ సభ్యుడు ఊరూరా చెప్పుకొచ్చాడు: మీరు 100 బేళ్ల పత్తి పండిస్తే అందులో 40 బేళ్లు సుంకం రూపంలో ఉత్తరాది వాళ్లు పట్టుకుపోతున్నారని. లెక్క అతిశయోక్తే గానీ జనానికి బాగా ఎక్కింది, ఎందుకంటే అప్పటికే పత్తి ధర 1810ల చివర్లో పౌండుకి 30 సెంట్ల దగ్గర ఉన్నది 1820ల చివరకి 10 సెంట్ల దగ్గరికి జారిపోయింది. కాకపోతే ఆ పతనానికి సుంకం ఒక్కటే కారణం కాదు. 1819 ఆర్థిక సంక్షోభం ఉంది. అలబామా, మిసిసిపీల్లో కొత్త నేలల్లో పత్తి విరగపండుతోంది. సౌత్ కరొలైనా పొలాలేమో ఏళ్ల తరబడి పత్తే వేసి వేసి సారం పోయి ఉన్నాయి. ఈ మూడు సంగతులు చెప్పకుండా మెక్‌డఫీ గారి 40 బేళ్ల లెక్క ఒక్కటే బోర్డు మీద రాస్తే, అప్పటి ఎన్నికల ప్రచారాన్నే పాఠంగా చెప్పినట్టు అవుతుంది.

ఇక ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలుగా గీత గీసేయడం సంగతి. 1816 దగ్గరికి వెళ్దాం. 1807లో అధ్యక్షుడు జెఫర్సన్ పెట్టిన ఓడల నిషేధం, ఆ తర్వాత 1812 నుంచి బ్రిటన్‌తో యుద్ధం, వీటివల్ల విదేశీ సరుకు రావడం ఆగిపోయి అమెరికా ఈశాన్య రాష్ట్రాలైన న్యూ ఇంగ్లండ్‌లో నేత మిల్లులు మొలిచాయి. 1815లో యుద్ధం ముగియగానే బ్రిటిష్ సరుకు ఓడల కొద్దీ వచ్చి పడింది. అప్పుడు 1816లో వచ్చిన చట్టమే పరిశ్రమలకు రక్షణ అని చెప్పుకుని వేసిన మొదటి పెద్ద సుంకం. దాన్ని సమర్థిస్తూ గట్టిగా మాట్లాడింది ఎవరో తెలుసా? జాన్ కాల్హూన్. సౌత్ కరొలైనా మనిషి. పన్నెండేళ్ల తర్వాత సుంకాల మీద యుద్ధం ప్రకటించిన ఆ కాల్హూనే. మరోవైపు 1824లో సుంకాల పెంపును తప్పుపడుతూ పెద్ద ప్రసంగం చేసిన డేనియల్ వెబ్‌స్టర్ మాసచూసెట్స్ వాడు, 1828 వచ్చేసరికి అనుకూలంగా ఓటేశాడు. వాళ్ల మధ్యలో మారింది సూత్రం కాదు, వాళ్ల వెనక ఉన్న డబ్బు ఎటు పోతోందన్నది. బోస్టన్ పెట్టుబడి ఓడల్లోంచి మిల్లుల్లోకి మారింది, దాంతో వెబ్‌స్టర్ మారాడు.

1816 చట్టంలో మనవాళ్లకు సంబంధించిన ఒక ముక్క ఉంది, దాన్ని తెలుగు పాఠాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. నూలు బట్ట మీద సుంకం 25 శాతం. వినడానికి మామూలుగానే ఉంది. కానీ చదరపు గజం ధర 25 సెంట్లకన్నా తక్కువున్న బట్టను కూడా 25 సెంట్ల బట్టగానే లెక్కేసి సుంకం వెయ్యాలని ఒక నిబంధన పెట్టారు. అంటే గజం 8 సెంట్లకు దొరికే చవక బట్ట మీద కూడా ఆరుంపావు సెంట్లు కట్టాలి. కాగితం మీద 25 శాతం, రేవులో అది 78 శాతం. ఆ రోజుల్లో అంత చవగ్గా అమెరికాకు వస్తున్న ముతక బట్ట ప్రధానంగా భారతదేశంది. అమెరికాలోని సేలం, బోస్టన్ రేవుల ఓడలు ఎక్కువగా కలకత్తా నుంచి తెచ్చేవి. ఈ నిబంధన కోసం వాషింగ్టన్‌లో తిరిగినవాళ్లలో ముఖ్యుడు వాల్తమ్ మిల్లు పెట్టిన ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. అతని మిల్లులో నేసేది కూడా అదే రకం ముతక బట్ట. మన నేతగాళ్ల పతనానికి ఇదే కారణం అని నేను అనను, దానికి కంపెనీ పాలన, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు చేసింది ఇంతకన్నా చాలా పెద్దది. కానీ భారతదేశపు చేనేత బట్టకు అమెరికా తలుపు మూసుకుపోవడంలో ఈ ఒక్క వాక్యం చేసిన పని పెద్దది. ఓటు వేసినవాళ్లలో కాల్హూన్ లాంటి దక్షిణాది వాళ్లు కూడా ఉన్నారు, ఎందుకంటే భారతదేశపు బట్టలో ఉన్నది వాళ్ల పత్తి కాదు మరి.

1828లో వచ్చిన సుంకాల చట్టం గురించి కూడా కథ సగమే చెప్తున్నారు. ఉత్తరాది వాళ్లు బలం చూసుకుని దక్షిణాది మీద రుద్దారు అంటారు. నిజానికి ఆ బిల్లు తయారైంది అధ్యక్ష ఎన్నికల లెక్కలతో. ఆండ్రూ జాక్సన్‌ను అధ్యక్షుణ్ణి చెయ్యాలనుకున్న మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గం వాళ్లు పెన్సిల్వేనియా, న్యూయార్క్, ఒహాయో, కెంటకీ ఓట్ల కోసం ముడి ఉన్ని మీద, ఇనుము మీద, తాళ్లకు వాడే హెంప్ నార మీద, మొలాసిస్ అనే చెరుకు మడ్డి మీద సుంకాలు పెంచి పెట్టారు. ముడి ఉన్ని ఖరీదైతే న్యూ ఇంగ్లండ్ ఉన్ని మిల్లులకే దెబ్బ, మొలాసిస్ ఖరీదైతే అక్కడి రమ్ బట్టీలకే దెబ్బ. దక్షిణాది సభ్యులు ఆ ఘాటైన సుంకాల్ని తగ్గించే సవరణలు రాకుండా అడ్డుపడ్డారు, బిల్లు ఎంత చేదుగా ఉంటే న్యూ ఇంగ్లండ్ అంత గట్టిగా తిప్పికొడుతుందని వాళ్ల ఆశ. ఎత్తు పారలేదు. ప్రతినిధుల సభలో 105కి 94, సెనేట్‌లో 26కి 21 ఓట్లతో నెగ్గింది, 1828 మే 19న అప్పటి అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సంతకం పెట్టాడు. ఈ బిల్లు తయారీ సరుకులకు సంబంధించింది కాదు, ఒక అధ్యక్షుణ్ణి తయారు చెయ్యడానికి సంబంధించింది అని వర్జీనియా సభ్యుడు జాన్ రాండోల్ఫ్ అప్పుడే అన్నాడు. కెంటకీలో హెంప్ పండించేది బానిసల చేతే, వాళ్ల యజమానులు సుంకం కావాలన్నారు. లూయిజియానాలో చెరుకు తోటల యజమానులదీ అదే మాట, పంచదార మీద సుంకం ఉండాల్సిందేనని. న్యూయార్క్ దిగుమతి వ్యాపారులేమో సుంకం వద్దన్నారు. మరి ఉత్తరం, దక్షిణం అన్న ఒక్క గీతతో ఈ పాఠం ఎలా చెప్తారండీ?

దక్షిణాది నలిగిపోయింది అన్నప్పుడు ఆ దక్షిణాది అంటే ఎవరు అన్నది అసలు ప్రశ్న. 1830 జనాభా లెక్కల ప్రకారం సౌత్ కరొలైనాలో సగానికి పైగా జనం బానిసలు. వాళ్లను సుంకం గురించి ఎవరూ ఏమీ అడగలేదు. రాష్ట్రం అన్నా, ప్రజలు అన్నా, స్వేచ్ఛ అన్నా, ఆ తీర్మానాల్లో ఉన్న ప్రతి మాటా మిగతా సగం తరఫునే. మన దగ్గర పన్నుల వాటా గొడవతో పోల్చి ఈ పాఠం చెప్తున్నవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగాలి. మన రాష్ట్రాల తరఫున ఎవరు మాట్లాడినా వెనక ఓటు హక్కున్న జనం ఉన్నారు. అక్కడ రాష్ట్ర హక్కుల పేరుతో మాట్లాడినవాళ్లు తమ రాష్ట్రంలోని ఎక్కువ మందికి యజమానులు.

ఆ బానిసల ఒంటి మీది బట్టనే చూడండి. అప్పటి వ్యాపారులు నీగ్రో క్లాత్ అని పిలిచిన ముతక ఉన్ని బట్ట ఒకటి ఉండేది. బానిసలు ఏ రకం బట్ట కట్టొచ్చో సౌత్ కరొలైనా 1740లో చట్టమే చేసింది, ఆ జాబితాలో దాని పేరూ ఉంది. తోటల యజమానులు మనిషికి ఇన్ని గజాలని కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ బట్టను ఎక్కువగా నేసిన మిల్లులు ఎక్కడివి? రోడ్ ఐలండ్‌వి. న్యూ ఇంగ్లండ్‌లో బానిసత్వం దాదాపు కనుమరుగైన కాలంలో, అక్కడి మిల్లు యజమానులు దక్షిణాది బానిసల కొలతలకు బట్ట నేసి ఓడలకెక్కించి డబ్బు చేసుకున్నారు. ఆ పక్కనే నూలు మిల్లులు దక్షిణాదిలో బానిసలు ఏరిన పత్తి మీద నడిచాయి. సుంకం పెరిగితే ఇంగ్లండ్ ఉన్ని బట్ట ఖరీదై రోడ్ ఐలండ్ మిల్లుకు లాభం, బానిసకు బట్ట కొనే యజమానికి ఖర్చు. ఇద్దరూ కాంగ్రెస్‌లో హోరాహోరీగా కొట్టుకున్నారు. 1832లో దక్షిణాదిని చల్లబరచడానికి, అప్పటికి మాజీ అధ్యక్షుడై కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్న ఆడమ్స్ చేతుల మీదుగా కొత్త చట్టం వచ్చినప్పుడు, ఈ చవక ముతక ఉన్ని బట్ట మీద సుంకాన్ని 5 శాతానికి దించారు. చట్టం మొత్తంలో దక్షిణాది యజమానులకు దక్కిన స్పష్టమైన రాయితీల్లో అదొకటి. నా దృష్టిలో ఆ 5 శాతం చాలు ఈ గొడవ మొత్తం అర్థం కావడానికి: రెండు ప్రాంతాల పెద్దమనుషులు బేరమాడుకుంది, ఆ బట్ట కట్టుకునేవాళ్ల శ్రమ మీద వచ్చే డబ్బును ఎలా పంచుకోవాలన్న దాని గురించి.

ఈ రాయితీతో సౌత్ కరొలైనా చల్లబడలేదు. ఎందుకు చల్లబడలేదో తెలియాలంటే పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1822లో చార్ల్స్‌టన్‌లో డెన్మార్క్ వీసీ అనే నల్లజాతి వడ్రంగి బానిసల తిరుగుబాటుకు పథకం వేశాడని 35 మందిని ఉరితీశారు. ఆ వెంటనే రేవుకు వచ్చే ఓడల్లో నల్లజాతి నావికులు ఎవరున్నా ఓడ వెళ్లేదాకా జైల్లో పెట్టాలని రాష్ట్రం చట్టం చేసింది. అది రాజ్యాంగానికి విరుద్ధమని 1823లో ఫెడరల్ జడ్జి విలియం జాన్సన్ చెప్పినా లెక్కచెయ్యలేదు. అంటే ఫెడరల్ చట్టం మాకు వర్తించదు అని సౌత్ కరొలైనా ఆచరణలో చూపించింది సుంకం మీద కాదు, మొదట నల్లజాతి మనుషుల మీద. సుంకం వెయ్యగలిగిన కేంద్రం రేపు బానిసల జోలికీ రాగలదు, కాబట్టి ఇక్కడే ఆపాలి, ఇదీ వాళ్ల టెన్షన్. ఇది నా ఊహ కాదు. సుంకం కేవలం సందర్భమే గానీ అసలు కారణం కాదని, అసలు కారణం దక్షిణాది రాష్ట్రాల ప్రత్యేకమైన ఇంటి వ్యవస్థ అని కాల్హూన్ 1830 సెప్టెంబర్‌లో మిత్రుడు వర్జిల్ మాక్సీకి రాసిన ఉత్తరంలో స్వయంగా చెప్పుకున్నాడు. ఆ ఇంటి వ్యవస్థ అంటే బానిసత్వమేనని మీకు వేరే చెప్పక్కర్లేదు. 1828లో పేరు లేకుండా సౌత్ కరొలైనా తరఫున నిరసన పత్రం రాసింది కూడా ఆయనే, అప్పుడాయన దేశానికి ఉపాధ్యక్షుడు.

తర్వాతి ఘట్టాలు మీరు బాగానే చెప్తున్నారు, కాబట్టి త్వరగా దాటేస్తాను. 1832 నవంబర్ 24న సౌత్ కరొలైనాలో ప్రత్యేకంగా పిలిచిన రాష్ట్ర సభ 136కి 26 ఓట్లతో 1828, 1832 సుంకాలు తమ రాష్ట్రంలో చెల్లవని, 1833 ఫిబ్రవరి 1 నుంచి వసూలు చెయ్యనివ్వమని తీర్మానించింది. డిసెంబర్ 10న అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సాయుధ బలంతో అమెరికా రాష్ట్రాల యూనియన్‌ను విడగొట్టడం దేశద్రోహం అని ప్రకటించాడు. కాల్హూన్ ఉపాధ్యక్ష పదవికి రాజీనామా చేసి సెనేట్‌కి వచ్చాడు. 1833 మార్చి 2న ఒకే రోజు రెండు చట్టాలు: సైన్యం వాడి సుంకం వసూలు చేసే అధికారం ఇచ్చేది ఒకటి, 1842 నాటికి సుంకాలన్నిటినీ మెల్లగా 20 శాతానికి దించుతామన్న సెనేటర్ హెన్రీ క్లే రాజీ ఒకటి. సౌత్ కరొలైనా సుంకాల తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, పోతూ పోతూ ఆ సైన్యం చట్టం చెల్లదని ఇంకో తీర్మానం చేసి మరీ పోయింది.

ఇక్కడ రెండు విషయాలు మాత్రం తప్పకుండా చేర్చండి. మిగతా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక్కటి కూడా సౌత్ కరొలైనా వెంట రాలేదు. సౌత్ కరొలైనాలోనే జోయల్ పాయిన్‌సెట్, జేమ్స్ పెటిగ్రూ లాంటి వాళ్లు యూనియన్ పక్షాన నిలబడ్డారు, చార్ల్స్‌టన్ రెండుగా చీలింది. రెండోది జాక్సన్ గురించి. ఆయన్ని దేశాన్ని కాపాడిన ధీరుడిగా చూపించి వదిలేయకండి. ఆయన టెనెసీలో బానిసల యజమాని. అదే 1832లో చెరకీ అనే ఆదివాసీ ప్రజల విషయంలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును జార్జియా రాష్ట్రం బాహాటంగా పక్కన పెడితే, ఆ తీర్పును అమలు చేయించడానికి ఆయన వేలు కూడా కదపలేదు. సుంకం దగ్గర పుట్టుకొచ్చిన ఫెడరల్ ప్రభుత్వ గౌరవం చెరకీల భూముల దగ్గర ఏమైందని పిల్లలు అడగాలి, అడిగేలా మీరు చెప్పాలి. అయినా ఆయన చూపు మాత్రం ఒక చోట సూటిగా పడింది. 1833 మే నెలలో రాసిన ఉత్తరంలో, సుంకం ఒక సాకు మాత్రమే, విడిపోయి దక్షిణాది సమాఖ్య కట్టుకోవడమే అసలు లక్ష్యం, రాబోయే సాకు బానిసల సమస్య అవుతుంది అని రాశాడు.

సుంకాల వల్లే 1861 యుద్ధం అనేవాళ్లకు నాదొక్కటే ప్రశ్న. 1833 రాజీ తర్వాత 1842లో సుంకాలు మళ్లీ పెరిగాయి, 1846లో తగ్గాయి, 1857లో ఇంకా తగ్గాయి. ఆ 1857 చట్టం వెనక ఉన్నది వర్జీనియా సెనేటర్ రాబర్ట్ హంటర్. అంటే దక్షిణాది విడిపోయే నాటికి అమల్లో ఉన్నవి దక్షిణాది వాళ్లు కోరి చేయించుకున్న తక్కువ సుంకాలే. మరి ఆ కోపంతో ఎలా విడిపోతారు? సుంకాల్ని మళ్లీ పెంచిన మోరిల్ సుంకం సంగతేంటి అంటారు. అది ప్రతినిధుల సభలో 1860లోనే నెగ్గింది నిజమే, కానీ సెనేట్ దాటింది 1861 ఫిబ్రవరిలో, అప్పటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి. వాళ్ల సెనేటర్లు కుర్చీలు ఖాళీ చెయ్యబట్టే అంత తేలిగ్గా దాటింది. విడిపోవడానికి కారణాలు ఇవీ అని సౌత్ కరొలైనా 1860 డిసెంబర్ 24న విడుదల చేసిన ప్రకటనలో సుంకం ప్రస్తావనే లేదు. పారిపోయిన బానిసల్ని ఉత్తరాది రాష్ట్రాలు వెనక్కి ఇవ్వడం లేదన్నది మాత్రం పేరాల కొద్దీ ఉంది. ఆ ప్రకటన చేసిన రాష్ట్ర సభే మిగతా బానిస రాష్ట్రాలకు రాసిన ఇంకో పత్రంలో పన్నుల గురించి ఉంది, అది దాచక్కర్లేదు. విడిపోయిన రాష్ట్రాలు కట్టుకున్న కాన్ఫెడరసీ రాజ్యాంగం రక్షణ సుంకాలను నిషేధించింది, అదీ చెప్పండి. అయితే బానిసల మీద ఆస్తి హక్కును దెబ్బతీసే చట్టం ఏదీ చెయ్యకూడదని కూడా ఆ రాజ్యాంగంలోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, దేనికోసం ఆరు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయో ఇరవై ఏళ్ల పిల్లలకు మీరు విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

సిలబస్ పెద్దది, టైమ్ తక్కువ, ప్రపంచ చరిత్ర నుంచి వచ్చేది ఒకటో రెండో ప్రశ్నలు, ఇవన్నీ నాకు తెలుసు. అందుకని గంటల తరబడి చెప్పమని అడగడం లేదు. వచ్చే బ్యాచ్‌లో ఈ పాఠం దగ్గరికి వచ్చినప్పుడు, ఉత్తరాది–దక్షిణాది పట్టిక బోర్డు మీద గీసే ముందు మూడో గడి ఒకటి గీయండి. దాంట్లో ఆ పత్తి ఏరినవాళ్ల గురించి, వాళ్లకిచ్చిన బట్ట గురించి, ఆ బట్ట ఎక్కడ నేశారన్న దాని గురించి రాయించండి. 1832 నవంబర్ తీర్మానం, 1860 డిసెంబర్ ప్రకటన రెండూ కొద్ది పేజీలే, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ పాతది కాబట్టి పిల్లలకు కష్టమవుతుంది అంటే, మీలో నలుగురు కలిసి తెలుగులో చేసి అందరికీ ఉచితంగా పెట్టండి. ఆ పనిలో నేనూ కూర్చుంటాను. యుద్ధానికి కారణం సుంకాలేనని చెప్పిన వీడియోలు ఇప్పటికే ఉన్నవాళ్లు మాత్రం దయచేసి వాటిని సరిచేసి మళ్లీ పెట్టండి, వచ్చే గ్రూప్స్ పరీక్షలోపే.